ఇల్లు ఇరుకైంది, పెద్దది కొనగలమా? లెక్క ఇలా వేసుకోండి

రెండో బిడ్డ పుట్టాకో, ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మను తీసుకొచ్చి దగ్గర పెట్టుకున్నాకో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు చాలదు. అప్పుడు మనం చేసే మొదటి పని బ్యాంకుకు వెళ్లడం. వాళ్లు పే స్లిప్పులు చూసి "మీకు 56 లక్షల దాకా వస్తుంది సార్" అంటారు, ఆ అంకె పట్టుకుని విజయవాడ పక్క పోరంకిలోనో గుంటూరు గోరంట్లలోనో ఫ్లాట్లు చూడటం మొదలుపెడతాం. ఈ వరుస తిరగబడింది. బ్యాంకు చూసుకునేది తన డబ్బు తిరిగొస్తుందా లేదా అని. మీ పెద్దమ్మాయి ఎప్పుడు ఇంటర్‌కొస్తుందో, అమ్మకు మోకాలి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో దాని కాగితాల్లో ఎక్కడా ఉండదు.

అందుకని నేను గట్టిగా చెప్పేది ఇదీ: ఈఎంఐని ఈ నెల జీతం పక్కన పెట్టి చూడొద్దు. అప్పు నడిచే 20 ఏళ్లలో మీ ఇంటికి అన్నిటికన్నా బరువుగా ఉండే రెండు మూడేళ్లు ఏవో ముందే కనిపెట్టి, ఆ ఏళ్లలో కూడా కట్టగలరా అని చూడండి.

లెక్క కళ్లకు కట్టాలంటే ఒక ఇల్లు ఊహించుకుందాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరికీ కలిపి చేతికొచ్చేది నెలకు 1,05,000. అద్దె 14,000, మిగతా ఖర్చులన్నీ 52,000, మిగిలేది 39,000. పెద్దమ్మాయికి 8 ఏళ్లు, మూడో తరగతి. చిన్నోడికి 2 ఏళ్లు. అమ్మకు 66. ఇన్నేళ్లలో కూడబెట్టింది 33 లక్షలు. వీళ్లు 70 లక్షల ట్రిపుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశారు. మీ అంకెలు వేరే ఉంటాయి, వేసే పద్ధతి మాత్రం ఇదే.

మెట్టు 1: ఇరుకు ఎక్కడుందో చూడండి

కావాల్సింది గదా, బాత్‌రూమా, లేక చదువుకోవడానికి తలుపేసుకునే ఒక మూలా? చాలా ఇళ్లలో పొద్దున 7 నుంచి 8 మధ్య ఒక్క బాత్‌రూమ్ దగ్గరే గొడవంతా. పెద్దవాళ్లొస్తే గదికన్నా ముందు కావాల్సింది లిఫ్టు, వెస్టర్న్ టాయిలెట్, పక్కింటి వాళ్లతో కాసేపు కూర్చునే చోటు. అవి లేని కొత్త ఫ్లాట్‌లో వాళ్లకు ఎంత పెద్ద గది ఇచ్చినా సుఖం ఉండదు.

కొనడానికి ముందు ఇంకో రెండు దారులు చూడండి. ఒకటి, పెద్ద ఇల్లు అద్దెకు తీసుకోవడం. మీరు కొనాలనుకునే ఏరియాలోనే 11 నెలల అగ్రిమెంట్ మీద ట్రిపుల్ బెడ్‌రూమ్‌లో ఉండి చూస్తే నీళ్లు, ట్రాఫిక్, స్కూలు బస్సు, దోమలు అన్నీ తెలిసిపోతాయి. ఆ అద్దె వృథా అని మా పెద్దవాళ్లు అంటారు గానీ, నచ్చని చోట 70 లక్షలు పెట్టి ఇరుక్కోవడంతో పోలిస్తే అది చాలా చిన్న ఖర్చు. రెండోది సొంత ఇండిపెండెంట్ ఇల్లు ఉన్నవాళ్లకు: గుంటూరులో బ్రాడీపేట, కొరిటెపాడు లాంటి చోట్ల పాత డాబా మీద ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. పునాది, పిల్లర్లు మోస్తాయో లేదో మేస్త్రీ మాట మీద వదిలేయకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో చూపించండి, కార్పొరేషన్ పర్మిషన్ తీసుకోండి. అంతస్తు వేయడానికి ఇచ్చే లోన్‌ను బ్యాంకు పని జరిగిన కొద్దీ విడతలుగా ఇస్తుంది కాబట్టి ప్రతి విడతకు ముందు చేతి డబ్బు కొంత తిరుగుతూ ఉండాలి.

మెట్టు 2: చేతి నుంచి పెట్టాల్సింది ఎంత

"20 శాతం ఉంటే చాలు" అని అందరూ అంటారు. చాలదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోన్‌కు ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం దాకా, అది దాటితే 75 శాతం దాకా బ్యాంకు ఇవ్వొచ్చు. ఈ విలువలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు కలవవు, అవి మన జేబులోంచే పోవాలి.

70 లక్షల ఫ్లాట్‌కు చూడండి. బ్యాంకు 56 ఇస్తే మన వాటా 14 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం, అంటే 5.25 లక్షలు. వుడ్‌వర్క్, ఫ్యాన్లు, లైట్లు, గ్రిల్స్, కర్టెన్లకు 6 లక్షలు అనుకుందాం (వంటింటి కప్‌బోర్డులు మొదలుపెట్టాక ఈ అంకె ఎక్కడా ఆగదు, కాబట్టి ముందే గీత గీసుకోండి). గృహప్రవేశం, భోజనాలు, సామాను మార్పిడి ఒక లక్ష. కలిపితే 26.25 లక్షలు. ఇంటి ధరలో మూడో వంతు కన్నా ఎక్కువ.

ఇంకా కడుతూ ఉన్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ కూడా, మరో 3.5 లక్షలు. ధర 45 లక్షల లోపు ఉండి, మన ఊళ్లలో కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం) 90 చదరపు మీటర్లు దాటకపోతే 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగ్‌లో కాపురం ఉండొచ్చని ఇచ్చే అనుమతి) వచ్చాక కొన్న ఫ్లాట్‌కు, వాడిన ఫ్లాట్‌కు జీఎస్టీ లేదు. బిల్డర్ చెప్పే "చదరపు అడుగు ఇంత" అన్న మాటలో ఇది కలిసి ఉందా, కార్ పార్కింగ్ కలిసి ఉందా అని మొదటి రోజే అడిగి కాగితం మీద రాయించుకోండి.

కూడబెట్టిన 33 లక్షల్లో 6 లక్షలు ముట్టుకోకూడదు. కొత్త ఈఎంఐతో సహా దాదాపు 6 నెలల ఇంటి ఖర్చు అది. ఉద్యోగం పోయినా, ఆస్పత్రి పాలైనా అదే దిక్కు. మిగిలింది 27. రెడీ ఫ్లాట్‌కు సరిపోయింది, కడుతున్న ఫ్లాట్‌కు దాదాపు 2.75 లక్షలు తక్కువ. ఈ చివరి రెండు మూడు లక్షల దగ్గరే కుటుంబాలు దెబ్బతింటాయి. అప్పటికి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు, వెనక్కి రాలేరు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలకు నెలకు 6,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. పాడుకోని చిట్టీ ఒకటి ఉంది కదా అని దాన్ని లెక్కలో వేసుకునేవాళ్లు, పాడితే ఎంత తోసివేత (ముందే తీసుకున్నందుకు వదులుకునే డబ్బు) పోతుందో, పాడాక ఇంకా ఎన్ని నెలలు కట్టాలో కూడా వేసుకోవాలి.

ఊళ్లో పొలం అమ్మి పెడదాం అంటే ఒక్క మాట. అక్కచెల్లెళ్లతో కూర్చుని వాటాల సంగతి తేల్చి, సంతకాలు అయ్యాకే ఆ డబ్బును లెక్కలోకి తీసుకోండి. నోటి మాట మీద ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇస్తే ఇల్లూ ఇబ్బందిలో పడుతుంది, బంధుత్వమూ పోతుంది.

మెట్టు 3: నెల లెక్క, అటు నుంచి ఇటు

8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకైతే లక్షకు ఈఎంఐ సుమారు 868. బ్యాంకు ఇంతకన్నా తక్కువ చెప్పినా మీ కాగితం మీద ఈ రేటే వేయండి, ఎందుకో కింద చెప్తాను.

56 లక్షలకు ఈఎంఐ 48,600. జీతంలో 46 శాతం. సగం లోపే ఉంది కాబట్టి బ్యాంకు చాలాసార్లు సరే అంటుంది. ఇప్పుడు మన వైపు నుంచి వేద్దాం: అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 3,000, ఇంటి పన్ను నెలకు పంచుకుంటే 1,000, ఇంకో ఏసీ, ఇంకో రెండు ఫ్యాన్ల కరెంటు ఏడాది సగటున 1,500 (మే నెలలో ఇంకా ఎక్కువ, స్లాబు మారితే యూనిట్ రేటే మారిపోతుంది). మొత్తం 54,100. అద్దె 14,000 ఆగిపోతుంది కాబట్టి అదనపు భారం 40,100. ఇప్పుడు మిగులుతున్నది 39,000. అంటే మొదటి నెల నుంచే 1,100 లోటు. చేతి డబ్బు సరిపోయింది, బ్యాంకు సరే అంది, అయినా ఇల్లు గడవదు.

కాబట్టి తిరగేసి వేయండి. మిగులుతున్న 39,000లో 12,000 ఏం జరిగినా కదపకూడదు: పిల్లల చదువు, పండగలు, పెళ్లిళ్ల చదివింపులు, బండి రిపేర్లు. మిగిలిన 27,000కు ఆగిపోయే అద్దె 14,000 కలిపితే 41,000. మెయింటెనెన్స్, పన్ను, కరెంటు 5,500 తీసేస్తే ఈఎంఐకి 35,500. దాన్ని 868తో భాగిస్తే దాదాపు 41 లక్షలు. ఇదీ వీళ్లు తీసుకోదగ్గ అప్పు. చేతిలోని 27 లక్షలు కలిపి, రిజిస్ట్రేషన్, వుడ్‌వర్క్ పోనిస్తే 56, 57 లక్షల ఇల్లు వస్తుంది. 70 కాదు. కొత్త బిల్డింగ్ బదులు పదేళ్ల నాటి ట్రిపుల్ బెడ్‌రూమ్, సెంటర్‌లో కాకుండా కాస్త లోపలికి. ఆశపడిన దానికన్నా తక్కువే, కానీ నెలాఖరున ఎవర్నీ చేబదులు అడగాల్సిన పని ఉండదు.

ఈ లెక్కలో ఆదాయపు పన్ను మిగులు వేసుకోవద్దు. పాత పద్ధతిలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది, కొత్త పద్ధతిలో అది లేదు. మీ ఆఫీసులో మీరు ఏ పద్ధతిలో ఉన్నారో చూసుకోకుండానే "ట్యాక్స్ కలిసొస్తుంది" అనుకుంటే ఆ డబ్బు ఎప్పటికీ కనబడదు.

మెట్టు 4: 20 ఏళ్ల పట్టిక

ఈ మార్గదర్శిలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి. ఒక పెద్ద తెల్ల కాగితం మీద 20 అడ్డ గీతలు గీసి, ప్రతి ఏడాది పక్కన ఇంట్లో అందరి వయసులూ రాయండి. తర్వాత ఆ ఏడాది వచ్చే పెద్ద ఖర్చు.

మన ఇంటికి రాస్తే ఇలా వస్తుంది. పెద్దమ్మాయి 9, 10 సంవత్సరాల్లో ఇంటర్, 11 నుంచి 14 దాకా బీటెక్కో మరొకటో. చిన్నోడు 15, 16లో ఇంటర్, 17 నుంచి 20 డిగ్రీ. అంటే 9వ ఏడాది నుంచి అప్పు తీరే దాకా ఇంట్లో ఎవరో ఒకరు పెద్ద చదువులో ఉంటారు, ఒక్క ఖాళీ ఏడాది లేదు. 9వ ఏటికి అమ్మకు 74 దాటతాయి. తేలికైనవి మొదటి 8 ఏళ్లే.

ఇంటర్ కాలేజీలకు పేరు పడ్డ ఊళ్లు మనవి, ఆ ఖర్చేమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. స్కూలు ఫీజు మీద అదనంగా ఈ రోజు ధరల్లో ఏటా లక్షన్నర అవుతుంది అనుకుని, ఏడాదికి 8 శాతం పెంచితే 8 ఏళ్లకు దాదాపు 2.8 లక్షలు. జీతాలు కూడా పెరుగుతాయి కదా అంటే పెరుగుతాయి, అదీ వేద్దాం: ఏటా 5 శాతం చొప్పున 1,05,000 కాస్తా 1,55,000 అవుతుంది. ఇంటి ఖర్చులు 6 శాతం చొప్పున పెరిగి 52,000 కాస్తా 83,000, మెయింటెనెన్స్ వగైరా 8,800. ఈఎంఐ మాత్రం పెరగలేదు అనుకుందాం. 41 లక్షల అప్పయితే నెలకు 27,800 మిగులు, ఏడాదికి 3.3 లక్షలు. ఇంటర్ ఖర్చు దాటేస్తారు, ఇంకొంచెం అమ్మ మందులకు. 56 లక్షల అప్పయితే ఏడాదికి మిగిలేది 1.8 లక్షలే. ఆ రెండేళ్లలో లక్ష చొప్పున లోటు, ఆ వెనకే బీటెక్. ఒకే ఇల్లు, ఒకే జీతాలు, అప్పు 15 లక్షలు తేడా, అంతే.

వడ్డీ సంగతి. ఇప్పటి హోమ్ లోన్లు చాలావరకు రెపో రేటుకు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీకి) కట్టి ఉంటాయి. 2022 మేలో 4 శాతంగా ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.5కి వెళ్లింది, ఏడాది కూడా పట్టలేదు. అందుకే ఈ రోజు రేటుకన్నా ఎక్కువ వేసుకోమన్నాను. 41 లక్షలకు ఇంకో 1 శాతం పెరిగితే ఈఎంఐ 35,600 నుంచి 38,200. ఇలాంటప్పుడు బ్యాంకు తరచుగా ఈఎంఐని అలాగే ఉంచి ఏళ్లు పొడిగిస్తుంది, మనకు నెలనెలా తేడా తెలియదు, 58 ఏళ్లకు తీరాల్సిన అప్పు రిటైర్మెంట్ దాటిపోతుంది. స్టేట్‌మెంట్‌లో మిగిలిన నెలల సంఖ్య ఏడాదికోసారి తప్పకుండా చూడండి.

ఇంకో నిజం చాలామందిని కలవరపెడుతుంది. 41 లక్షల అప్పుకు 8 ఏళ్లు కడితే కట్టింది 34 లక్షలు, అయినా ఇంకా 32 లక్షలు బాకీ ఉంటుంది. తొలి ఏళ్లలో కట్టేదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. కాబట్టి తేలికైన ఆ 8 ఏళ్లలోనే బోనస్, ఇంక్రిమెంట్, తీరిన చిట్టీ ఏది వచ్చినా కొంత అసలుకు జమ చేయండి. ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోన్ ముందే కడితే వ్యక్తులకు జరిమానా లేదు. ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా 20 ఏళ్ల అప్పు పదహారున్నర ఏళ్లలో తీరిపోతుంది. అంటే చిన్నోడి డిగ్రీ నాటికి ఈఎంఐ బరువు దిగిపోతుంది.

పట్టికలో ఇంకో గడి ఉంచండి, ఒక్క జీతం గడి. ఇంకో బిడ్డను అనుకుంటుంటే చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు ఉంటుంది, ఆ తర్వాత పాపను ఎవరు చూస్తారు, ఏడాది ఉద్యోగం ఆపితే ఈఎంఐ ఎలా అన్నది ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోవాలి. అత్తగారు చూస్తారులే అన్నది లెక్క కాదు, ఆవిడను అడగండి. ఇద్దరి జీతం మీద అప్పయితే ఇద్దరి పేరా టర్మ్ పాలసీ ఉండాలి. లోన్‌తో పాటు ఒకేసారి ప్రీమియం కట్టే పాలసీ అంటగడితే, ఆ ప్రీమియం కూడా అప్పులో కలిసి 20 ఏళ్లు వడ్డీ కడతామని గుర్తుంచుకుని, విడిగా తీసుకుంటే ఎంతవుతుందో కనుక్కోండి.

మెట్టు 5: కొనకుండానే ఆరు నెలలు కట్టి చూడండి

కొత్త ఇంటికి అదనంగా పడేది 27,000 అని తేలింది కదా. జీతం పడిన రోజే ఆ 27,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, మిగిలిన దాంతో ఇల్లు నడపండి. ఈ ఆరు నెలల్లో జూన్ తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం, స్కూలు బస్సు అన్నీ అప్పుడే మీద పడతాయి. మధ్యలో ఆ డబ్బు రెండుసార్లు తీయాల్సి వస్తే 41 లక్షల అప్పు కూడా ఎక్కువే అన్నమాట, 35 లక్షలకు దిగండి. తీయకుండా గడిచిపోతే మీ దగ్గర 1,62,000 ఉంటుంది, వుడ్‌వర్క్‌కు పనికొస్తుంది.

మెట్టు 6: చోటు ఖర్చు

లోపలికి వెళ్తే చదరపు అడుగు చవక, కానీ రోజూ తిరగాలి. మొగల్రాజపురం వదిలి పోరంకి వెళ్తే, బ్రాడీపేట వదిలి గోరంట్ల అవతలికి వెళ్తే బండి ఖర్చు, స్కూలు వ్యాన్, ట్యూషన్‌కు దింపి రావడం అన్నీ మారతాయి. రోజుకు 24 కిలోమీటర్లు ఎక్కువ తిరిగితే నెలకు 600 కిలోమీటర్లు, స్కూటర్ లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే పెట్రోలు లీటరు 110 లెక్కన దాదాపు 1,500 రూపాయలు. ఇద్దరికీ విడివిడిగా బండ్లు కావాలంటే రెట్టింపు. అదే 1,500 ఈఎంఐలో పెడితే లక్షా 70 వేల అప్పు మోయొచ్చు, కాబట్టి దూరం మీద మిగిలేది దానికన్నా చాలా ఎక్కువైతేనే వెళ్లండి. బందరు రోడ్డు మీద సాయంత్రం పోయే సమయానికి ధర కట్టలేం, అది మీరే చూసుకోవాలి.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి అజిత్ సింగ్ నగర్ వైపు కాలనీలకు కాలనీలు మునిగాయి. ఆ వైపు చూస్తుంటే అప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో బ్రోకర్‌ను కాకుండా కింది పోర్షన్‌లో ఉన్నవాళ్లను, కిరాణా కొట్టు ఆయన్ను అడగండి. గోడ మీద చూపిస్తారు. సెల్లార్ ఉన్న బిల్డింగ్ అయితే బండ్లు, మోటార్, జనరేటర్ సంగతి కూడా.

ముహూర్తం కూడా ఖర్చే. తాళాలు ఆషాఢంలో చేతికొస్తే శ్రావణం దాకా ఆగుతాం, అప్పటిదాకా అద్దె, ఈఎంఐ రెండూ కట్టాలి. రెండు మూడు నెలల అద్దె విడిగా పెట్టుకోండి.

మెట్టు 7: పాత ఫ్లాట్ అమ్మి కొనేవాళ్లకు

పక్కింటాయన చెప్పిన రేటు వేసుకోవద్దు. మీ బిల్డింగ్‌లోనో పక్క బిల్డింగ్‌లోనో ఈ మధ్య నిజంగా అమ్ముడైన ధర కనుక్కుని, దాంట్లోంచి 10 శాతం తగ్గించి రాసుకోండి. పాత ఫ్లాట్‌కు ధర వచ్చేది గోడలకన్నా అన్‌డివైడెడ్ షేర్ (బిల్డింగ్ స్థలంలో మీ వాటా) ఎన్ని గజాలు ఉంది అన్నదాని మీదే. రెండేళ్లు దాటి మీ దగ్గరున్న ఇల్లు అమ్మితే వచ్చే లాభానికి పన్ను ఉంటుంది, కానీ అమ్మకానికి ఏడాది ముందు గానీ, అమ్మిన రెండేళ్ల లోపు గానీ ఇంకో ఇల్లు కొంటే, లేదా మూడేళ్ల లోపు కట్టుకుంటే, అందులో పెట్టిన లాభం మేరకు మినహాయింపు దొరుకుతుంది. ఆడిటర్ దగ్గరకు అమ్మకముందే వెళ్లండి. రెండు లోన్లు ఒకేసారి నడిపే పరిస్థితి మాత్రం తెచ్చుకోవద్దు. పాతది అగ్రిమెంట్ అయ్యాకే కొత్తదానికి అడ్వాన్స్.

మెట్టు 8: అడ్వాన్స్ ఇచ్చే ముందు

ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), అప్రూవ్డ్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, కొత్త ప్రాజెక్టుకైతే ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ తీసుకుని, సొంత లాయర్‌తో లీగల్ ఒపీనియన్ చేయించండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబర్ ఉందేమో చూడాలి. ప్లాన్‌లో లేని పై అంతస్తు ఫ్లాట్ పది లక్షలు చవకగా వస్తుంది, బ్యాంకు లోన్ రాదు, రేపు మీరు అమ్మినా కొనేవాడికీ రాదు.

రిజిస్ట్రేషన్ విలువ తక్కువ చూపించి మిగతాది క్యాష్ ఇమ్మంటే ఒప్పుకోవద్దు. చట్టం ఒప్పుకోదు, అది అలా ఉంచితే కాగితం మీద ధర తగ్గితే లోన్ తగ్గుతుంది, ఆ తేడా అంతా మీ 27 లక్షల్లోంచే పోతుంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ పట్టి ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవాళ్లదే, ఇది అదనపు ఖర్చు కాదు గానీ మర్చిపోతే నోటీసు మనకే వస్తుంది.

బయానా రాసేటప్పుడు ఒక వాక్యం పెట్టించండి: బ్యాంకు లీగల్‌లో గానీ వాల్యుయేషన్‌లో గానీ తేడా వచ్చి ఇంత లోన్ రాకపోతే అడ్వాన్స్ మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలి అని. అంకె, గడువు రెండూ రాయాలి. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర లోన్ శాంక్షన్ లెటర్ చేతికి వచ్చేదాకా లక్ష కూడా పెట్టకండి.